రాని బాకీ

హల్ రేవులో, నది పక్క సందులో, నేలమాళిగ.
పదిహేడు మెట్లు. చివరి మెట్టు ఎప్పుడూ తడే.
పోటు మీదున్నప్పుడు నది గోడలోంచి చెమరుస్తుంది.
"అదీ మా వాటాదారే" అంది ఒటీలియా బ్రూక్,
ఎనభై ఒక్కటో ఏట, చేతిలో టార్చితో.

నేను లెక్కలు మూయడానికి వచ్చినదాన్ని.
నూట అరవై నాలుగేళ్ళ కంపెనీ.
అట్టలూడిన పుస్తకాలు బల్ల మీద పేర్చింది.
మా భాషలో వీటిని చిట్టాలంటారన్నాను.
ఆ మాటని నాలుక మీద ఒకసారి తిప్పి
మింగకుండా కాసేపు ఉంచుకుంది,
వైన్ రుచి చూసేవాళ్ళ అలవాటు.

మొదటి పేజీ 1861. ఆన్సెల్మ్ ట్రౌబాఖ్.
మోజెల్ ఒడ్డు నుంచి పన్నెండు పీపాలు,
రాటర్‌డామ్‌లో ఒకటి కారిపోయింది, పదకొండు.
ఖర్చు కింద కొవ్వొత్తులు, గుర్రబ్బండి, చర్చికి చందా.
జమ కింద చాలాకాలం ఏమీ లేదు.
తరవాత ఒక డాక్టరు, తిమింగలాల ఓడ యజమాని ఒకడు,
ఆ తరవాత పేజీకి పట్టనన్ని పేర్లు.
కొడుకులకి ఇంగ్లీషు వచ్చింది, పద్దులకి రాలేదు.
యాభై మూడేళ్ళు అంకెలు జర్మన్‌లోనే ఆలోచించాయి.

1914 ఆగస్టు, పేజీ సగంలో
భాష మారింది.
అదే చేతిరాత, అదే సిరా.
కొత్త బూట్లు తొడిగినవాడి నడకలా
అక్షరాలు కొంచెం కుంటాయి.

మరుసటి మే నెలలో
ఓడ మునిగిన వార్త వెంట గుంపు వచ్చింది.
ముందు పందిమాంసం కొట్ల అద్దాలు, తరవాత వీళ్ళవి.
పద్దు ఇలా ఉంది:
కిటికీలు, నాలుగు.
సీసాలు, ముప్పై ఆరు. పగలలేదు, పట్టుకుపోయారు.
ఎవరి పేర: గుంపు.
పక్కన ఎర్రసిరాతో: రావలసినది.

అదే పేజీ అడుగున
బోర్డు రాసినవాడికి పదకొండు షిల్లింగుల ఆరు పెన్నీలు.
ట్రౌబాఖ్‌లో ఒక ద్రాక్ష ఉంది, ఒక వాగు ఉంది.
ద్రాక్షని చెరిపేసి
వాగుని ఇంగ్లీషులోకి మళ్ళించారు: బ్రూక్.
వైన్ అమ్మేవాళ్ళ ఇంటిపేరులో నీళ్ళు మిగిలాయి.
"మా తాత ఇల్లరికపు అల్లుడు, మోజెల్ మనిషి.
పేరు మార్చినా పట్టుకుపోయారు.
మాన్ దీవిలో ముళ్ళకంచె వెనక కూర్చుని
సరుకులో నీళ్ళు కలిపాం, అందుకే శిక్ష అనేవాడట."

1941లో మళ్ళీ మే.
పై రెండంతస్తులూ ఒక్క రాత్రిలో పోయాయి.
కింద, పీపాల మధ్య, సందులో వాళ్ళందరూ.
ఎవరు ఏ పీపాకి ఆనుకుని నిద్రపోయారో పద్దు లేదు.
పాతికేళ్ళ కిందట రాయి పట్టిన చెయ్యి
ఒకటైనా ఉండే ఉంటుంది.
పైన ఎగిరేవాళ్ళలో ద్రాక్షతోట వైపు చుట్టాలూ.

డెబ్భైల్లో నీలం సీసాల తియ్యనీళ్ళు తెగ పోయాయి.
"సిగ్గుపడుతూ అమ్మాం. దాంతోనే పైకప్పు."
ఆ ఒక్క మాటకే నవ్వింది.

1978లో ఒక ముసలాయన మెట్లు దిగి వచ్చాడట.
రెండు షిల్లింగుల పాత నాణెం బల్ల మీద పెట్టి
"నాకప్పుడు పదేళ్ళు. ఒకటే తీసుకున్నాను.
పుల్లగా ఉంది" అని వెళ్ళిపోయాడట.
ఒటీలియా ఆ పాత పుస్తకం వెతికి దుమ్ము దులిపి
తన చేత్తో రాసింది,
జమ: ఒకటి.

ఇంకా ముప్పై అయిదు.
రాని బాకీల కింద కొట్టెయ్యాలి. నా ఉద్యోగం అది.
కలం తీశాను. ఆవిడ టార్చి ఆర్పేసింది.
చీకట్లో గోడ చెమర్చే చప్పుడు.
"ఉండనీ. ఇంకా ఎవరైనా దిగి రావచ్చు."
అప్పటి పదేళ్ళవాళ్ళకి ఇప్పుడు నూట ఇరవై.
నేనేమీ అనలేదు.

రాత్రి గదిలో మళ్ళీ కూడి చూశాను.
జమకీ ఖర్చుకీ పొత్తు కుదరలేదు,
ముప్పై అయిదు సీసాల మేర.
అలాగే సంతకం పెట్టాను.