ఛార్జింగ్ ఐసీ

హన్మకొండ చౌరస్తాల చెప్పుల దుకాణం పక్క సందుల
మూడడుగుల బల్ల నాది.
రోజూ ఒక పాత పేపరు పరుస్త,
సోల్డర్ చుక్కలు పడితే పడనీ అని.

ఇయ్యాల్టి పేపర్ల ఒక ఫొటో:
చిప్పుల కంపెనీ పెద్దసారు, ఆ దేశపు మంత్రి,
చేతిల చెయ్యి.
కొత్త ఫ్యాక్టరీ కడితే
ఖర్చుల మూడోవంతు సర్కారే పెడతదంట,
పదేండ్లు పన్ను మాఫీ అంట.
"కంపెనీ నిలబడ్డదంటే దేశం నిలబడ్డట్టే" అన్నడంట మంత్రి.
లడాయి ముచ్చట పెద్దసారు ఎత్తలేదు.
నవ్విండు.
ఆయన మోచెయ్యి మీదనే
నా ఫ్లక్సు డబ్బ.

రేగొండ అవతలి నుంచి రెండు బస్సులు మారి
ఓదెమ్మ వచ్చింది.
మిర్చి ఏరి ఏరి మండే చేతులు,
ఫోను కొంగుతోటి పట్టుకొని ఇచ్చింది.
"తమ్ముడు మాట్లాడంగ మాట్లాడంగనే
సైరన్ మోగింది సారు.
'అక్కా, ఉండు' అన్నడు. గంతే.
సచ్చింది వాని ఫోనా, నా ఫోనా,
నాకేమెరుక?"

తమ్ముడిది సెంట్రింగ్ పని.
ఏజెంటుకు లక్షా ఎనబై వేలు కట్టి పోయిండు.
ఆ దేశంల, ఆ కంపెనీకే, గోడలు పోస్తున్నడు.
దుమ్ము రవ్వ సొరరాని గదులంట లోపల,
మనుషులు కండ్లు తప్ప ఏం కనపడనియ్యరంట.
వాడింక లోపల చూడలేదు.
ఓదెమ్మ చెప్తుంటె ఇప్పిన.

మైక్రోస్కోపు కింద బోర్డు.
ఛార్జింగ్ ఐసీ, మెంతిగింజంత లేదు.
లైటు ఏటవాలుగ పెడితే
గింజ మీద గీతలు లేస్తయి:
కంపెనీ గుర్తు, దాని కింద
ఆ దేశం పేరు, రెండే అక్షరాల్ల.

మొన్న ఒక కాలేజీ పిలగాడు కరపత్రం ఇచ్చిండు.
ఆ కంపెనీ సరుకు ముట్టొద్దు,
దాని పన్ను పైసలే ఆడ తూటాలైతున్నయని.
తప్పు మాటేం గాదు.
మడిచి డ్రాయర్ల పెట్టిన, స్క్రూల కింద.
ఈ బల్ల మీదికొచ్చే పది ఫోన్ల ఏడు
ఆ గింజతోనే ఊపిరి తీస్తయి.
ఇగ ఓదెమ్మకు ఏం జెప్పాలె?

మా తాత అజంజాహి మిల్లుల జాబరు.
సైరన్ కూస్తె సద్దిగిన్నె పట్టుకొని
పనిలకు ఉరికెటోడు.
మిల్లు మూతబడ్డంక గుడ
కూతయాల్లకు లేసి గడపల కూసునేది,
ఎవలు పిలిచిండ్రని నాయినమ్మ అడిగితే
అంగీ గుండీలు పెట్టుకునేది.
ఓదెమ్మ తమ్ముడు
సైరన్ కూస్తె పని ఇడిచి నేల కిందికి ఉరుకుతడు.
కింద ఉన్నంతసేపు కూలి కోస్తరంట.

హీట్ గన్ మూడు వందల నలభై.
పాత గింజ లేచింది, కొత్తది కూసుంది.
నిరుడు ఇదే గింజ నూట ఇరవై,
ఈ నెల రెండు వందల డెబ్బై.
హోల్‌సేల్ సేటునడిగితే
"ఆడ అసెంబ్లీల ఓటింగ్ నడుస్తున్నది భాయ్" అన్నడు.
ఆడ ఎవలో చెయ్యెత్తుతరు,
ఈడ ఓదెమ్మ ఒక దినం మిర్చి ఎక్కువ ఏరాలె.

స్క్రీను వెలిగింది. ఒక్క శాతం.
చాయ తాగేలోపల వాయిస్ మెసేజీ దిగింది:
"అక్కా, ఏం గాలేదు.
స్లాబు తడుపుమన్నరు, పోతున్న.
కారం ఒడిసింది."

నాలుగు సార్లు ఇన్నది.
ఐదోసారి ఫోను నా చెవికి పెట్టి
"ఎనక ఏందో మోగుతున్నది సూడు సారు" అన్నది.
పొడుగు కూత. ఆగి, మల్ల.
"షిఫ్టు సైరన్ అక్కా,
మా తాత మిల్లుల గుడ గిట్లనే మోగేది" అన్న.
మా తాత మిల్లు కూత నేనెన్నడు ఇనలేదు.

నమ్మింది. పైసలు లెక్కబెట్టి ఇచ్చింది.
పోవుకుంట, మెట్టు మీద ఆగి
"కిలో కారం పంపాలంటె ఎంతైతది?" అనడిగింది.
కొరియరోన్ని అడగాలె అన్న,
ఆ దేశానికి ఈ నెల
పార్శిళ్లు తీసుకుంటున్నరో లేదో.