కన్నీటి సుడి

నడక చూపించు, అన్న ముందు.
పరుగు కాదు, ఎగురుడు కాదు. నడక.
యూసుఫ్‌ఖాన్ నవ్విండు:
"గుర్రం కొననీకొచ్చి
గాడిద నడక అడుగుతవేంది, దఫేదార్!"

దెగ్లూరు దాటినంక మంజీర దిక్కు,
జొన్న కోసిన నల్లరేగడి.
రాత్రి మంచుకు మెత్తబడ్డ నేల
చూడొచ్చినోనికి పలక.
ముందుకాలు వదిలిన అచ్చును
వెనకకాలు దాటి పడ్డదా లేదా,
వంగి, జానతో కొలిచిన.
దాటింది. జాన మీద రెండేళ్లు.
నోట్‌బుక్ తియ్యలేదు.
మొఖంల సంతోషం కనబడితే ధర పెరుగుతది.

మూడేండ్ల పిల్ల.
తేనె రంగు ఒళ్లు, మసి అంటినట్టు మోకాళ్లు,
ఎడమ కంటి కింద సుడి.
కన్నీటి సుడి అంటరు ఇక్కడ.
మరాఠీల ఒక పేరు, ఉర్దూల ఒక పేరు,
భయం మాత్రం అందరిదీ ఒకటే:
కొన్నోని ఇంట్ల ఏడుపు ఆగదట.
అందుకే రెండు సంతలకు పోయి
రెండుసార్లూ ఇంటికే నడిచొచ్చింది.
పెండ్లి బరాతుల ఆడిద్దామని కూడా చూసిండ్రు.
డోలు మోగితే మోకాలు ఎత్తదు.
చెవులు మాత్రం తిప్పుతది,
ఎవరో దూరంకెల్లి పేరు పెట్టి పిలిచినట్టు.

నాకు సుడితో పని లేదు.
భుజం ఎంత వాలింది,
వెనక కీలు ఎంత వంగుతది,
పక్కటెముకల నడుమ ఊపిరికి ఎంత చోటున్నది.
రేపు ఇది పోవలసిన పోటీ మూడు రోజులది.
ఒకనాడు గీసిన గీటు దాటకుంట
అడుగు లెక్కపెట్టుకుంట నడవాలె.
ఒకనాడు వాగు, దుంగ, కందకం,
అవతల ఏమున్నదో తెల్వకుంటనే దూకాలె.
మూడోనాడు, అలిసిన కాళ్లతో,
తాకితే రాలే కర్రల మీంచి పోవాలె.
మూడు తీర్ల బుద్ధి, ఒక్క ఒళ్లు.
మూడేండ్ల పిల్లల అది ఎక్కడ దాక్కుంటదో
ముప్పై ఏండ్లు దేవులాడిన.

ఒకసారి తప్పిన.
కార్తూస్ అని నల్ల గుర్రం, పటంల గీసినట్టుండేది.
కొలతలన్నీ కుదిరినయి, పెద్దసాబుతో సంతకం పెట్టిచ్చిన.
మొదటి నీళ్లగుంట కాడ నిలబడ్డది.
ఇంకా నిలబడే ఉన్నది, నా నిద్రల.

కందికట్టె మోపులు రెండు, నడుమ వెదురు.
ఖాన్ చిన్నకొడుకు జునైద్ అదిలించిండు.
పిల్ల మోకాళ్లు మడిచి, వీపు విల్లు చేసి
అవతల పడ్డది. మంచిగున్నది.
అందరు గుర్రాలూ ఒకసారి మంచిగనే దూకుతయి.
జానెడు ఎత్తు పెంచినం.
ఈసారి లెక్క తప్పింది. మరీ దగ్గరికొచ్చింది,
ఛాతీకి తగిలి వెదురు ఫట్టున విరిగింది.
ఖాన్ కండ్లల్ల ఐదు వేలు తగ్గినయి.

నేను చూసుడు అప్పుడు మొదలుపెట్టిన.
దూకుడు నేర్పొచ్చు.
తప్పు చేసినంక వేసే పది అంగలు
ఎవడు నేర్పుతడు?

ఒక చుట్టు ఉరికింది, తోక లేపి, బుసకొట్టుకుంట.
ఇంకో చుట్టు, మెల్లగ.
ఎవ్వరం పిలువలే.
విరిగిన ముక్క కాడికి తనే వచ్చి
వాసన చూసింది, ముక్కుతో దొర్లించింది,
పక్కనున్న జొన్న మోడు కొరికి
నములుకుంట మా దిక్కు చూసింది.

మరాఠీల బేరం, తెలుగుల అలుక, మూడు చాయ్‌లు.
అరవై వేల కాడ ఆగింది.
"సుడి సంగతేంది, కాకా?" అన్నడు జునైద్.
"మా ఇంట్ల ఏడ్వనీకి నేనొక్కణ్నే. ఎవ్వల నిద్ర చెడది."

అప్పుడు తీసిన నోట్‌బుక్.
నడక, ఎనిమిది. దూకు, ఆరు.
గుండె అని ఒక గడి ఉన్నది.
పెన్సిల్ దాని మీద ఆనిచ్చి, తీసిన.

తెల్లారి మళ్ల వస్తనన్న.
జునైద్ వెదురు ముక్కలు ఏరబోతుంటె
వద్దన్న, అట్లనే ఉండనీ.
పిల్లను ఈ రాత్రి వాటి పక్కనే కట్టెయ్.