నాలుగు డిగ్రీల దగ్గర

డండీలో డిసెంబరు. మూడున్నరకే చీకటి.
టే నది వంతెన మీద దీపాలు
ఎవరో లెక్క తప్పి మళ్ళీ మొదటినుంచి ఎంచుతున్నట్టు
ఒకటొకటే వెలుగుతున్నాయి.
నా చేతిలో ఐదు మిల్లీలీటర్ల నెత్తురు.
పేరు లేదు. ముప్పై ఒకటి అని ఒక అంకె,
ఆడపిల్ల, వయసు ఏడు,
పరగడుపున ఫిట్స్ అని ఒక ముక్క.

"పొయ్యకు, గోడ వెంబడి జార్చు" అంటుంది ఎల్స్‌పెత్.
ట్యూబు ఏటవాలుగా పట్టుకుని
చిక్కటి ద్రావణం మీద నెత్తుటిని
నిద్రపోయినవాడికి దుప్పటి కప్పినట్టు పరుస్తాను.
చేరిన మొదటి నెల్లో
పద్దెనిమిది ట్యూబులు వసంతాలాడినట్టు కలిపేశాను.
ఆవిడ తిట్టలేదు. సింకు చూపించింది.

ఇరవై నిమిషాలు తిరుగుతుంది సెంట్రిఫ్యూజ్.
బరువైనవి అడుక్కి, తేలికైనవి పైకి,
మధ్యలో తెల్లకణాలు, పాల మీద తొరకంత పల్చగా.
ఎవరినీ ఎవరూ తొయ్యలేదు,
ఎవరి బరువు వాళ్ళని వాళ్ళ చోటికి చేర్చింది.
మనుషుల గురించి ఇలా అనకూడదు.
కణాల గురించే అంటున్నాను.

ఆ ఇరవై నిమిషాలూ కబుర్లు.
ఎల్స్‌పెత్ అమ్మమ్మ ఈ ఊళ్ళోనే జనపనార మిల్లులో నేతగత్తె.
మగ్గాల రొదకి చెవులు పోతే
వంట సంగతీ వీధి తగవూ
అన్నీ వేళ్ళతోనే మాట్లాడేదట.
మా తాత చిట్టివలస జూట్ మిల్లులో, రెండో షిఫ్టు.
ఆయనకీ వినపడేది కాదు.
పిలిచినా నవ్వేవాడు, తిట్టినా నవ్వేవాడు.
ఇది చెప్పాక ఇద్దరం కాసేపు ఏమీ అనలేదు.

గోనెసంచిని వెలుతురుకి ఎత్తి చూపించేవాడు తాత:
"గాలి పోవాలి, గింజ పోకూడదు. నేతంటే అదీ."
కణం చుట్టూ పొర కూడా అంతే తాతా,
కాకపోతే దాని నేత కొవ్వుతో.
చక్కెర తనంతట తాను దాటలేదు.
అందుకని పొరలో ఇరుక్కుని ఒక ప్రోటీను,
రెండు తలుపుల చిన్న గది.
బయటి తలుపు తీసి, చక్కెరని కూచోబెట్టుకుని,
అది మూశాకే లోపలి తలుపు తీస్తుంది.
రెండూ ఒకేసారి తెరిచిన పాపాన పోలేదు.

నాలుగు డిగ్రీల గదిలో, కోటు మీద కోటు.
గుర్తు పెట్టిన చక్కెర వేస్తాను.
వెచ్చగా ఉంటే దానికి మరీ తొందర, కొలవలేం.
చలికే ఆ తలుపులు కాస్త నెమ్మదిస్తాయి.
ఐదు సెకన్లు, ఆపు. పది, ఆపు. పదిహేను.
ఎల్స్‌పెత్ గడియారం చూడదు,
చూపుడువేలితో బల్ల మీద కొడుతుంది.

పోలికకి పక్కన నా నెత్తురే.
నా గీత నిటారుగా లేచింది.
ముప్పై ఒకటిది సగంలోనే చతికిలబడింది.
మూడుసార్లు చేశాం.
మూడుసార్లూ సగమే.

ఒంటి నిండా చక్కెర, మెదడు గుమ్మంలో పస్తు.
ఇన్నాళ్ళూ ఆ పిల్లని పరధ్యానమన్నారో, మొండిదన్నారో.
నాలుగు వందల తొంభై రెండు పూసల దండలో
ఒక్క పూస మారిందని
జన్యువు చదివినవాళ్ళు తర్వాత ఎప్పుడో రాస్తారు.

"ఇంకో తలుపుందిగా" అంటుంది ఎల్స్‌పెత్, గ్లవ్స్ ఊడదీస్తూ.
కొవ్వు విరిగిన ముక్కలకి దారి వేరు,
ఆ ద్వారం ఈ పిల్లకి బాగానే ఉండి ఉంటుంది.
ఇక వెన్న తినాలి, మీగడ తినాలి.
రొట్టె మానాలి, బంగాళాదుంప మానాలి,
ఎనిమిదో పుట్టినరోజుకి కేకు కోసి అందరికీ పంచి
తను ఊరుకోవాలి.
రిపోర్టులో దీనికి గడి లేదు.
అంకె రాసి సంతకం పెట్టాను.

బస్టాపులో ఆవిడ ఒక పిప్పరమెంటు ఇచ్చింది.
బుగ్గన పెట్టుకుని, తెలియకుండానే ఎంచడం మొదలెట్టాను,
ఐదు, పది, పదిహేను.
నది మీంచి గాలి కొడుతోంది.
ఎల్స్‌పెత్ ఏదో అంది, వినపడలేదు.
మళ్ళీ చెప్పింది, ఈసారి వేళ్ళతో:
రేపు ఎనిమిదికి.
ముప్పై రెండు.