ఇరవై రెండు ఫ్రేములు

పాలకొండ రోడ్డులో ఎరువుల కొట్టు పైన
మన స్టూడియో.
యూరియా వాసన మెట్లెక్కి వచ్చేది.
ఫ్యాను ఆపితేగానీ మైకు పనిచేసేది కాదు,
అందుకే వేసవి ఎపిసోడ్లన్నిట్లో అందరికీ చెమటలే.
మీకొక్కరికే పట్టేది కాదు, కూర్మారావు గారూ,
లేక పట్టినా
కదలొద్దని దానికీ చెప్పేవారేమో.

ఆదివారం రాత్రి ఎనిమిదిన్నర, లోకల్ కేబుల్.
ఒక లాడ్జి, ఆరుగురు మనుషులు.
అసిరినాయుడు మంచం కింద మేకని దాచేవాడు.
నూకరత్నం గొంతు ఆమదాలవలస స్టేషన్ దాకా వినపడేది.
పైడిరాజు పడేవాడు, మెట్ల మీద, బకెట్లో, ప్రేమలో,
ఎక్కడ పడితే అక్కడ.
మీరు లాడ్జి గుమస్తా.
తలెత్తి అడిగేవారు:
"మేక పేరు మీద రాయాలా, మీ పేరు మీదా?"

మేకని చూసి నవ్వాననుకుంది ఊరు.

టేపు కత్తిరించేదాన్ని, నాకు తెలుసు.
మేక అరిచాక మీరు వెంటనే మాట్లాడరు.
ముందు మేకని చూస్తారు.
తర్వాత రిజిస్టరుని.
కలం మూత తీస్తారు.
సెకనుకి ఇరవై ఐదు ఫ్రేములైతే
అందులో ఇరవై రెండు, లెక్కపెట్టాను,
మీ మొహం మీద ఏమీ జరగదు.
నవ్వు పుట్టేది అక్కడ,
ఆ ఏమీ జరగని చోట.

ఏడురోడ్ల కూడలిలో పైడిరాజు దగ్గర
టీ డబ్బులు తీసుకునేవారు కాదు.
మీ దగ్గర తీసుకునేవారు.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టి మరీ ఇచ్చేవారు,
నిజంగానే గుమస్తా అనుకుని.

నగల దుకాణం వాళ్లు రెండు నిమిషాల ప్రకటన ఎక్కువిచ్చిన వారం
ఎపిసోడ్ పట్టలేదు.
అసిరినాయుడి మాట తీస్తే అలుగుతాడు.
నూకరత్నాన్ని తీస్తే ఇంటికే వచ్చేస్తుంది.
మీ దగ్గర ఖాళీలున్నాయి.
ఖాళీలే కదా అనుకున్నాను.
ఒక్కొక్కటే తీసేశాను, బియ్యంలో రాళ్లేరినట్టు.

ఆ ఆదివారం ఎవరూ నవ్వలేదు.
తెర మీద అందరూ అరుస్తున్నారు, పడుతున్నారు,
మేకలాంటిదేదో పరిగెడుతోంది.
ఏరిపారేసింది బియ్యాన్ని,
వండి పెట్టింది రాళ్లని.

సోమవారం మీరొచ్చారు.
గొడుగు మూలన ఆనించి, కుర్చీ అంచున కూర్చుని,
"నా మొకం ఎటెల్లిపోనాదమ్మా?" అన్నారు.
కోపంగా కాదు.
బస్సులో తువ్వాలు మరిచినవాడు
కండక్టర్ని అడిగినట్టు.

ఇరవై రెండు ఫ్రేముల పాటు నేనేమీ అనలేకపోయాను.

అప్పుడు చెప్పారు, మీ అయ్య జముకుల కథలో వంత అని.
"మా అయ్య కత సెప్పనేదమ్మా.
పక్కన నిలబడి అడిగీవోడు.
రాజు ఏనుగెక్కినాడంటే
'ఏటి, నిచ్చెనేసుకునెక్కినాడా?' అనీవోడు.
అప్పుడుగానీ జనానికి
ఏనుగు ఎంతెత్తో తెలిసీది కాదు."

శ్రీకూర్మంలో మొక్కుకుని పెట్టిన పేరట మీది.
పాలకడలి చిలికినవాళ్లకి ఏదో ఒకటి దక్కింది,
అడుగున కొండ మోసినదానికి మాత్రం,
అంటూ పెద్ద మాటేదో ఎత్తుకోబోయాను.
"అంటే?" అన్నారు మీరు.
అంతే, నా కొండ కూలింది.
నేను నవ్వాను.
మీరు రిజిస్టరు కోసం చూస్తున్నట్టు బల్లవైపు చూశారు.

ఛానెల్ పోయింది. కింద ఎరువుల కొట్టు ఉంది.
టేపులు కిలోల లెక్కన అమ్మేశారు,
ఒక్కటి దాచుకున్నాను.
'కట్' అన్నాక కెమెరా ఆపడం మరిచిపోయిన
తొమ్మిది సెకన్లు ఉన్నాయి అందులో.

అందరూ మేక వెనక పరిగెడుతుంటారు.
మీరు కలానికి మూత పెడతారు.
రిజిస్టరు మూస్తారు.
గోడవైపు తిరుగుతారు.
భుజాలు కదులుతుంటాయి, కదులుతూనే ఉంటాయి,
తువ్వాలు నోటికడ్డం.

ఎవరికీ చూపించలేదు.
మీకూ చెప్పలేదు.