మర్యాద తగ్గించమని

ట్రోమ్సోలో మధ్యాహ్నం రెండుకే చీకటి.
మిషను చూడమని గున్‌వోర్ కబురు పెడితే వెళ్లాను.

"మా ఆయనకి పక్షవాతం వచ్చి ఏడాది.
కంటిచూపుతో అక్షరం చూపిస్తే
మిగతా వాక్యం ఇది అల్లేస్తుంది.
నిన్న కాఫీ పట్టించాక
'చాలా కృతజ్ఞతలు, గున్‌వోర్' అంది.
నలభై మూడేళ్ల కాపురం, బాబూ,
ఆ నోట ఆ మాట నేనెరగను.
అన్నది ఆయనా, ఈ డబ్బానా?"

లాగ్ తెరిచాను.
ఆయన చూపింది ఒక్క అక్షరం.
మిషను ఎదుట పెట్టింది మూడు వాక్యాలు.
మొదటిదాని మీద చూపు
రెండు సెకన్లు ఆగింది.
ఒప్పుకోలో అలసటో
అంకెల్లో లేదు.

ఆమె మిషన్నే నిలదీసింది.
"మాట నేనందించాను.
ఆయన ఎందుకాగారో నాకు తెలియదు."

"నిజం కూడా చెబుతుందే ఇది!"
గొణుక్కుంటూ చేప సూపు పట్టించింది.
ఉప్పెక్కువైనట్టుంది.
టోర్‌లైఫ్ గొంతులోంచి
"హుఁ" అని ఓ గరగర.
తెర మీద ఒక్క అక్షరమూ పడలేదు.

"అదిగో, వచ్చాడు మా ఆయన!"
గున్‌వోర్ పగలబడి నవ్వింది.

మర్యాద మీట మీద నా వేలు.
"తగ్గించనా?"

తుడిచిన చెంచానే
మళ్లీ తుడుస్తూ నిలబడింది.
"ఉండనీలే" అంది,
ఆయన వైపు చూడకుండా.