నేలకు తెలిసినంత

ఆ పబ్ పేరు గ్రే హెరన్.
రాత్రిపూట దాన్ని ఒక్కసారే చూశాను.
మిగతా ముప్పై తొమ్మిదేళ్లూ పొద్దున్న ఆరింటికే,
కుర్చీలు బల్లల మీద బోర్లా పడి
కాళ్లు పైకెత్తుకుని ఉన్నప్పుడే.

నాకంటే ముందు మా అమ్మ, ఐవీ.
ముప్పై ఆరులో కట్టారట,
చుట్టూ కొత్త ఇళ్ల వరసలు ఇంకా పచ్చి సున్నం వాసనేస్తుండగా.
చర్చి వాళ్లు వద్దన్నారు.
బ్రూవరీ వాళ్లు, తాగే చోటు కాదండీ,
కుటుంబాలు కూర్చునే చోటన్నారు.
ఎర్ర ఇటుకలు, నాలుగు పొగగొట్టాలు,
తలుపు మీద ఒంటికాలి రాతికొంగ.
బాంబుల కాలంలో దాని ముక్కు విరిగింది.
దొరికిన ముక్కను అమ్మ కుట్టుపెట్టెలో దాచింది.

ఎవరేం మాట్లాడుకున్నారో నాకు తెలీదు.
నేలకు తెలిసినంతే తెలుసు.
డార్ట్స్ బోర్డు కింద సుద్దపొడి ఎక్కువుంటే
పార్జిటర్ జట్టు ఓడిపోయి
లెక్క మళ్లీ మళ్లీ తుడిచి రాయించిందని.
మెట్ల మీద ఉప్పు మెలిపెట్టిన నీలం కాగితాలుంటే
నాన్నల కోసం పిల్లలు
చిప్స్ తింటూ బయటే కూర్చున్నారని.

ప్రపంచకప్ గెలిచిన రాత్రి తర్వాత
అమ్మ బూట్లు మంగళవారం దాకా నేలకు అతుక్కున్నాయట.
గేర్‌బాక్సుల ఫ్యాక్టరీ మూసేసిన వారం మాత్రం
నేల శుభ్రంగా ఉంది.
అంత శుభ్రమైన నేలను చూసి భయమేసింది.

ఓసారి బెంచీ కింద డామినో బిళ్ల దొరికింది, రెండువైపులా ఆరు చుక్కలు.
బార్బడోస్ నుంచి వచ్చిన బస్సు డ్రైవర్ సెల్విన్‌ది.
పదేళ్ల ముందు అతన్ని ఈ గదిలోకి రానివ్వలేదని అమ్మ చెప్పింది.
ఎవరు ఆపారో చెప్పలేదు.
బిళ్లను తడిగుడ్డతో తుడిచి కౌంటర్ మీద పెట్టాను.

లోపల పొగ తాగొద్దని చట్టం వచ్చాక
ఎనభై నాలుగు యాష్‌ట్రేలు కడిగి పెట్టెలో సర్దాను.
ఎవరూ తీసుకెళ్లలేదు.
ఇన్నేళ్లూ పొగ కింద నక్కిన వాసన అప్పుడు లేచింది:
తడి కార్పెట్, పులిసిన బీరు, మనుషులు.
ఆ తర్వాత మనుషుల వాసన కూడా తగ్గుతూ వచ్చింది.

ఆఖరి రాత్రి రమ్మన్నాడు క్లైవ్.
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీక
షాండీ గ్లాసు పట్టుకుని కూర్చున్నాను.
గంట ఒకసారి కొట్టాడు, రెండోసారి కొట్టలేకపోయాడు.
చుట్టూ అందరూ ఒలకబోస్తున్నారు.
రేపు రానక్కర్లేదు, రానక్కర్లేదు అనుకుంటూ చూశాను.
వచ్చాను. ఆరింటికే.

ఇప్పుడు కిటికీలకు చెక్కలు.
ఫ్లాట్లు కడతారట, పద్నాలుగు.
కొలతలు తీసే కుర్రాడు
గడప రాయి మధ్యలో పడిన గుంట చూపించి
"ఎన్ని వేల కాళ్లో!" అన్నాడు.

కాళ్లే అనుకో నాయనా.
సగం మా బ్రష్షులవి.

కొంగ ముక్కు సంగతి అతనికి చెప్పలేదు.