పద్నాలుగు మిల్లీమీటర్లు

గోవిందప్ప నాయకన్ వీధిలో
గోనెసంచుల మధ్య ఇరుక్కుని కూర్చునే గోవర్ధనం సెట్టిగారు
నూరు గ్రాముల లవంగాలు పొట్లం కట్టి
"డబ్బులొద్దమ్మా, ఏం తేలిందో చెప్పు చాలు" అన్నారు.
అప్పుడే ఎడమ దవడ కొంచెం ఉబ్బి ఉంది.
చూశాను. అడగలేదు.

తరమణిలో మా ల్యాబు.
నా పని పెద్దదేం కాదు,
దంచడం, నానబెట్టడం, వడకట్టడం,
పళ్ళేల వెనక స్కెచ్ పెన్నుతో తేదీ వేయడం.
స్పిరిట్‌లో రెండు రోజులు మునిగిన పొడి
బెల్లంపాకం రంగుకొచ్చింది.
ఆ రెండు రోజులూ బీచ్ స్టేషన్ రైల్లో
పక్క సీటావిడ నా చేతుల వైపు ముక్కు తిప్పి
"ఇవాళ బిర్యానీయా?" అంది.
అవునన్నాను. ఎవరికో చెప్పలేదు.

అగర్ మీద సూక్ష్మజీవుల్ని పరిచాను,
అలికిన వాకిలంత నున్నగా.
మీద బొట్టుబిళ్ళంత కాగితాలు రెండు:
ఒకటి లవంగంలో ముంచింది,
ఒకటి ఒట్టి స్పిరిట్‌లో.
పేరెవరిదో తేలాలి గదా.

మర్నాడు ఇంక్యుబేటర్ తలుపు తీస్తే
పళ్ళెమంతా మీగడ కట్టింది.
ఒట్టి బిళ్ళని నాలుగు వైపులా ఆనుకుని
కాపురాలు పెట్టేశాయి, బెరుకు లేకుండా.
లవంగం బిళ్ళ చుట్టూ మాత్రం
చంద్రుడికి వరదగుడి కట్టినట్టు
ఒక ఖాళీ.
స్కేలు పెట్టాను. పద్నాలుగు మిల్లీమీటర్లు.
కోటానుకోట్లు ఆ గీత దాకా వచ్చి ఆగిపోయాయి.
పువ్వు కాకముందే కోయించుకుని
ఎండలో నల్లబడ్డ మొగ్గ ఒకటి
"ఇక్కడిదాకానే" అంది.

సాయంత్రం వెళ్ళి చెప్పాను.
సెట్టిగారు గల్లాపెట్టె టపీమని మూసి
"అయితే సంచి మీద అచ్చేయించనా,
క్రిములను చంపును అని?"
మాట ఒక పక్కనుంచే వస్తోంది.
బుగ్గలో లవంగం. వారంగా అదే వైద్యం.
దవడ ఇప్పుడు నిమ్మకాయంత.

పళ్ళెం వేరు, పళ్ళు వేరు సెట్టిగారూ.
పళ్ళెంలో నెత్తురు పారదు, జ్వరం రాదు.
మీ చిగుళ్ళ కింద అది గీత గీసిందో లేదో
నా స్కేలు అక్కడికి దూరదు.
మలుపులో పళ్ళడాక్టరు ఎనిమిదింటిదాకా ఉంటాడు.

ఆయన లవంగాన్ని ఆ బుగ్గనుంచి ఈ బుగ్గకి మార్చుకుని
కొలత మళ్ళీ అడిగారు.
వేళ్ళ మధ్య చూపించాను.
"ఇంతేనా?" అన్నారు.
కాసేపాగి, "ఇంతా!" అన్నారు.
తర్వాత, సంచుల కింద
చెప్పుల కోసం వెతకడం మొదలుపెట్టారు.